ఆమెకేమి ఇష్టమో అడిగారా?

పోయిన మాసం ఒక యువ పాఠకుని నుండి మాకు ఉత్తరం అందింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నారు. వివాహమై మూడు సంవత్సరాలు. నగరంలోని ఒక పెద్ద హోటలులో, ఒక వంటకం ముగిసిన తరువాత మరొకటి చొప్పున ఏడు వంటకాలు వడ్డించే విందుకు భార్యను తీసుకువెళ్ళాలని వారి కోరిక. ఈ మాట ఇంట్లో చెప్పగానే తండ్రిగారు "ఇది దుబారా" అన్నారట. స్నేహితుడొకరు "ఇది మన పద్ధతి కాదు, పరాయివారి అనుకరణ" అన్నారట. "మౌలానా, వెళ్ళవచ్చునా, కూడదా? ఒక్క మాటలో సెలవివ్వండి" అని ఉత్తరం ముగించారు.

ఏడాది క్రితమైతే ఒక్క మాటలోనే చెప్పి ఉండేవాళ్ళము. "కూడదు" అనకపోయినా "అక్కర లేదు" అనేవాళ్ళము. ఇప్పుడు అంత తేలికగా చెప్పలేకపోతున్నాము. ఈ మధ్య కాలంలో అటువంటి బల్ల ముందు మేమే కూర్చోవలసి వచ్చింది. ఆ సాయంత్రం సంగతి ముందు చెప్పి, ఆ తరువాత జవాబు చెబుతాము. పాఠకులు కొంచెం ఓపిక పట్టాలి.

మా ఇల్లాలి కంటి పరీక్ష కోసం కర్నూలు నుండి హైదరాబాదు వెళ్ళాము. ఆ సంగతి ఎలా తెలిసిందో, మా పూర్వ విద్యార్థి ఒకడు ఫోను చేశాడు. పద్దెనిమిదేళ్ళ క్రితం మా మదరసాలో హిఫ్జ్ పూర్తి చేసిన పిల్లవాడు. తండ్రి పోవడంతో పై చదువు మాని వంటశాలలో పనికి కుదిరాడు. ఆపై గల్ఫ్ దేశాలకు వెళ్ళి, తిరిగి వచ్చి, నేడు ఒక నక్షత్రాల హోటలులో పెద్ద వంటగాడుగా ఉన్నాడు. "హజ్రత్, రేపు రాత్రి మా హోటలులో దావత్. తప్పకుండా రావాలి" అన్నాడు. మేము ఏదో వంక చెప్పబోయాము. అతడు నవ్వుతూనే అడ్డుపడ్డాడు. "హజ్రత్, ఈ పిలుపు అమ్మీజాన్‌కు. మీరు ఆమెకు తోడుగా రండి, చాలు."

ఆ మాట వెనుక ఒక కథ ఉంది. ఆ పిల్లవాడికి మదరసాలో ఉండగా టైఫాయిడు వచ్చింది. సొంత ఊరు దూరం. మూడు వారాలు మా ఇంట్లోనే ఉంచుకుని మా ఇల్లాలు గంజి కాచి పోసింది. దానిని మేము మరచిపోయాము. ఆమె కూడా మరచిపోయిందనే అనుకుంటాము. తిన్నవాడు మాత్రం మరచిపోలేదు.

మగ్రిబ్ నమాజు ముగించుకుని వెళ్ళాము. గాజు తలుపు ముందు ఆమె ఆగి, "ఏమండీ, చెప్పులు ఇక్కడ విడవాలా?" అని మెల్లగా అడిగింది. లోపలికి వేసుకుని రావచ్చునని ద్వారం దగ్గరి మనిషి ఎంతో మర్యాదగా చెప్పాడు. మద్యం వడ్డించే గదికి దూరంగా, ఒక మూల, చెక్క తెర చాటున మాకు బల్ల సిద్ధం చేయించాడు మా శిష్యుడు. మద్యం తిరిగే బల్ల వద్ద కూర్చోరాదన్న హదీసు పాఠం వాడికి ఇంకా గుర్తుంది. నఖాబ్ తీసి నిశ్చింతగా తినడానికి అనువైన చోటు అది.

బల్ల మీద తెల్లని గుడ్డ. దాని మీద ఒక్కొక్కరికి మూడు ఫోర్కులు, మూడు కత్తులు, రెండు చెంచాలు. చూడగానే మాకు గుండె జారింది. మా శిష్యుడు వచ్చి చెప్పాడు. ఒక్కొక్క వంటకానికి ఒక్కొక్క జత. బయటి వైపు నుండి మొదలుపెట్టి లోపలికి రావాలి. అంతే. పాశ్చాత్యులు ఫోర్కును ఎడమ చేత పట్టుకుని తింటారు కాబట్టి, ముందుగా ముక్కలు కోసుకుని, కత్తి పక్కన పెట్టి, ఫోర్కును కుడి చేతికి మార్చుకుంటే ఎవరూ తప్పు పట్టరని చెప్పాడు. "చేత్తో తిన్నా ఎవరూ ఏమీ అనరు హజ్రత్, చేతులు కడిగే గిన్నె పంపిస్తాను" అని కూడా అన్నాడు. మేమిద్దరం బిస్మిల్లాహ్ చెప్పి, వీలైనంత వరకు చేత్తోనే తిన్నాము.

ఇక్కడే మా వల్ల ఒక తప్పు జరిగింది. దాచకుండా చెబుతాము. లోపలికి వచ్చేటప్పుడు గోడ మీది కాగితంలో ధర చూశాము. మనిషికి 7,000 రూపాయలు. ఇద్దరికీ కలిపి 14,000. మొదటి వంటకం రాకముందే మా నోట లెక్క వెలువడింది. "ఈ డబ్బుతో మన మదరసాలో అరవై మంది పిల్లలకు రెండు రోజులు అన్నం పెట్టవచ్చు" అన్నాము. ధర్మబద్ధమైన మాటే అన్నామనుకున్నాము. మా ఇల్లాలు అప్పుడే చేతిలోకి తీసుకున్న చెంచాను తిరిగి బల్ల మీద పెట్టింది. కాసేపటికి, "ఇది మీ డబ్బూ కాదు, నాదీ కాదు. ఆ అబ్బాయి మనసు. దానికి కూడా లెక్క కట్టాలా?" అంది.

మేము జవాబు చెప్పలేదు.

మొదట ఒక్క నోటికి సరిపడే చిన్న వంటకం వచ్చింది. అది ఆకలికి కాదట, నాలుకను పలకరించడానికట. తరువాత చిన్న గిన్నెలలో మరగ్ వచ్చింది. హైదరాబాదు పెళ్ళిళ్ళలో ముందుగా ఇచ్చే పలుచని మాంసపు చారు. మేము తాగేశాము. ఆమె గిన్నె నిండుగానే ఉంది. వడ్డించే కుర్రవాడు కంగారుపడి, "అమ్మా, రుచిగా లేదా?" అని అడిగాడు. ఆమె తడబడి, "లేదు నాయనా, వారు తినడం కానివ్వు, తరువాత నేను తింటాను" అంది.

ఆ కుర్రవాడికి ఏమీ అర్థం కాలేదు. మాకు అర్థమైంది. ముప్పై ఒక్క సంవత్సరాలుగా మా ఇంట్లో ఆమె చివర తింటుంది. మేము, పిల్లలు, వచ్చిపోయే అతిథులు, ఎప్పుడైనా ఆగిన విద్యార్థులు తిన్న తరువాత, చల్లారిన అన్నం, గిన్నె అడుగు కూర ఆమెవి. ఇలా తినమని మేము ఏనాడూ చెప్పలేదు. వద్దని కూడా ఏనాడూ చెప్పలేదు. ఇద్దరి ముందూ ఒకేసారి వేడి వేడి గిన్నెలు పెడితే ఏమి చేయాలో ఆమెకు తోచలేదు. "తిను, చల్లారిపోతుంది" అన్నాము. ఈ మాట మా నోట రావడం ఆమెకు వింతగానే ఉండి ఉంటుంది.

ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి మౌనం కష్టం. ఆ ఇబ్బందిని కప్పిపుచ్చుకోవడానికి మేము పాఠం ఎత్తుకున్నాము. మరగ్ అన్నది అరబీలోని "మరఖ్" నుండి వచ్చిన మాట. చారు అని అర్థం. ఈ మాట సహీహ్ ముస్లింలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసులో వస్తుంది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పొరుగున ఒక పారసీకుడు ఉండేవాడు. చారు చేయడంలో నేర్పరి. ఒకనాడు చారు కాచి, ప్రవక్త (స) వారిని విందుకు పిలవడానికి వచ్చాడు. వారు హజ్రత్ ఆయిషా (రజి) వైపు చూపి, ఈమె కూడానా అని అడిగారు. అతడు కాదన్నాడు. అయితే నేనూ రానన్నారు. అతడు మళ్ళీ పిలిచాడు. మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. మూడవసారి అతడు సరే, ఆమె కూడా అన్నాడు. అప్పుడు ఇద్దరూ లేచి, ఒకరి వెంట ఒకరు అతని ఇంటికి వెళ్ళారు.

ఈ హదీసు మేము ఎన్నో ఏళ్ళుగా బోధిస్తున్నాము. విందు పిలుపును ఎప్పుడు అంగీకరించాలి, ఎప్పుడు నిరాకరించవచ్చు అన్న చర్చలో పండితుల అభిప్రాయాలన్నీ చెబుతాము. మా ఇల్లాలు ఇవేవీ చదువుకోలేదు. మరగ్ తాగుతూ శ్రద్ధగా విని, నవ్వుతూనే అడిగింది:

"ఇన్నేళ్ళలో మిమ్మల్ని ఎన్ని దావత్‌లకు పిలిచి ఉంటారు?"

"లెక్క లేదు" అన్నాము.

"ఎన్నింటిలో 'ఈమె కూడానా' అని అడిగారు?"

ఆ ప్రశ్నలో నిందలేదు. అందుకే అది మరింత లోతుగా దిగింది. నికాహ్ విందులు, అఖీఖా విందులు, మదరసా వార్షికోత్సవాలు, ఊరి పెద్దల ఇళ్ళలో ఇఫ్తార్లు, ఎన్నింటికి వెళ్ళాము! తిరిగి వచ్చి బిర్యానీ బాగుందనో, ఉప్పు ఎక్కువైందనో ఆమెకు చెప్పేవాళ్ళము. ఆమె వినేది.

మూడవ వంటకం మరింత పెద్ద పాఠం. ఆమె ముందు చందువ చేప పెట్టారు, పైన చింతచిగురు. మా ముందు మాత్రం కోడి మాంసం పెట్టారు. చేప వాసన మాకు సరిపడదు. అందువల్ల మా ఇంట్లో చేప వండరు. మా శిష్యుడికి అది గుర్తుందని సంతోషించాము. ఆమె మొదటి ముద్ద తిని కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా అమ్మ ఇలాగే చింతచిగురు వేసేది" అంది. పళ్ళెంలో చేప తోలు కూడా మిగలలేదు.

ఆమె పుట్టిల్లు బందరు. సముద్రపు గాలి, చేపల గంపల మధ్య పెరిగిన మనిషి. నికాహ్ అయి కర్నూలు వచ్చిన నాటి నుండి మా ఇంట్లో చేప పొయ్యి ఎక్కలేదు. తుంగభద్ర మా ఊరి పక్కనే పారుతున్నది, బజారులో చేపలు దొరుకుతూనే ఉన్నాయి. మేము తేలేదు. ఆమె అడగలేదు. ఆమె అడగలేదు కాబట్టి ఆమెకు అక్కర లేదనుకున్నాము.

శిష్యుడు వచ్చినప్పుడు, "అమ్మీజాన్‌కు చేప ఇష్టమని నీకెలా తెలుసు?" అని అడిగాము. "జ్వరంలో గంజి వద్దని మొండికేసేవాణ్ణి హజ్రత్. అప్పుడు అమ్మీజాన్ బందరు కబుర్లు చెప్పి తాగించేవారు. వలలు, పడవలు, చింతచిగురు వేసిన చందువ పులుసు. 'నువ్వు పెద్దయ్యాక నాకు చేప తినిపించు, ఇప్పుడు ఇది తాగు' అనేవారు" అన్నాడు. మూడు వారాలు మా ఇంట్లో ఉన్న పిల్లవాడికి తెలిసిన సంగతి ముప్పై ఒక్క ఏళ్ళు ఆమెతో కాపురం చేసిన మాకు తెలియదు.

ఆ తరువాత చిన్న గాజు కప్పులో నిమ్మరసపు మంచు తెచ్చారు. చేప రుచి నాలుక మీద మిగిలి తరువాతి మాంసాన్ని పాడు చేయకుండా నోటిని శుభ్రపరచడానికట. పిమ్మట వేడి రాతి పలక మీద కాల్చిన పత్థర్ కా గోష్త్, చిన్న గిన్నెలో బిర్యానీ, చివరకు ఖుబానీ కా మీఠా. ఖుబానీ పళ్ళను రాత్రంతా నానబెట్టి, గింజలు పగులగొట్టి లోపలి పప్పును పైన చల్లడం హైదరాబాదు ఆనవాయితీ. మా ఇల్లాలు చెంచాతో పప్పులను కదిపి చూసి, "గింజలు పారేయలేదు, పని తెలిసినవాడే" అని మెచ్చుకుంది. ముప్పై ఏళ్ళుగా వండుతున్న మనిషి మెప్పు అది. ఆ మాట చెప్పినప్పుడు మా శిష్యుని ముఖం చూడవలసింది.

ఇషా వేళకు నమాజుకు చోటు చూపించారు. బయటకు వచ్చేసరికి రెండున్నర గంటలు గడిచాయి. ఇంట్లో మా భోజనం పన్నెండు నిమిషాలు మించదు. ఇంతసేపు మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం మా వివాహ జీవితంలో బహుశా అదే మొదటిసారి. వంటకానికీ వంటకానికీ మధ్య వదిలే ఆ విరామమే ఇటువంటి విందులోని రహస్యమని మాకు తోచింది. పళ్ళెం ఖాళీగా ఉన్నప్పుడు మనిషి ఎదుటివారి ముఖం చూస్తాడు.

ఇది పరాయివారి పద్ధతి అన్న స్నేహితునికి కూడా ఒక మాట చెప్పాలి. బాగ్దాదు నుండి బయలుదేరి క్రీ.శ. 822లో అందలూసియా రాజధాని ఖుర్తుబా చేరిన జిర్యాబ్ అనే సంగీత విద్వాంసుడు, అమీర్ రెండవ అబ్దుర్రహ్మాన్ కొలువులో గొప్ప గౌరవం పొందాడు. వెండి బంగారు పాత్రలకు బదులు గాజు పాత్రలు వాడటం వంటి మర్యాదలు ఆయన నేర్పాడని 17వ శతాబ్దపు చరిత్రకారుడు అల్ మఖ్ఖరీ రాశారు. ముందు చారు, తరువాత మాంసం, చివర తీపి అనే వడ్డన వరుసను కూడా ఆయనకే ఆపాదిస్తారు. ఆయన పేర చెప్పుకునేవాటిలో కొంత అతిశయోక్తి ఉండవచ్చునని నేటి చరిత్రకారుల మాట. ఫ్రాన్సులో మాత్రం 19వ శతాబ్దం వరకు పెద్ద విందులలో ఎన్నో వంటకాలను ఒకేసారి బల్ల నిండా పరిచేవారు. ఒకదాని తరువాత ఒకటి వేడిగా తెచ్చే పద్ధతి అక్కడ ఆ శతాబ్దంలో స్థిరపడింది. దానిని వారు రష్యా వడ్డన అన్నారు. మన హైదరాబాదులోనే ఎత్తు తక్కువ చౌకీల చుట్టూ కూర్చుని, లుఖ్మీ, కబాబు, బిర్యానీ, మీఠా అని వరుసగా తినే చౌకీ విందు ఉంది. మంచి మర్యాద ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. అందులో నిషిద్ధమైనది కలిసిందా లేదా అన్నదే మనం చూసుకోవలసినది.

దుబారా అన్న తండ్రిగారి మాటకు వద్దాము. వారి భయం తప్పు కాదు. తిని త్రాగడంలో మితిమీరవద్దని దివ్య ఖుర్ఆన్ హెచ్చరించింది. అల్ ఫుర్ఖాన్ సూరా 67వ ఆయతు దుబారాను, పిసినారితనాన్ని రెంటినీ కాదని మధ్యేమార్గాన్ని మెచ్చుకుంది. అత్తలాఖ్ సూరా 7వ ఆయతు ప్రకారం, కలిగినవాడు తన కలిమి కొలది, లేనివాడు తనకున్న దానిలో ఖర్చు చేయాలి. అంటే అందరికీ ఒకే కొలత లేదు. మా జీతానికి 14,000 దుబారాయే. మరొకరికి అది నెలకొకసారి మిత్రులతో చేసే ఖర్చు.

ఒక విచిత్రం గమనించాము. అప్పు చేసి ఎనిమిది వందల మందికి వలీమా పెడతాము. పళ్ళేలలో సగం బిర్యానీ చెత్తబుట్ట పాలవుతుంది. దానిని దుబారా అనడానికి నోరు రాదు, పరువు అంటాము. అదే మనిషి తన భార్యతో ఒక పూట బయట భోంచేస్తే, ఆ ఒక్క పూటకు మనకు బీదల ఆకలి గుర్తుకొస్తుంది. మాకు కూడా ఆ బల్ల ముందే అరవై మంది పిల్లలు గుర్తుకొచ్చారు. మేము వెళ్ళిన వందల దావత్‌లలో ఒక్కదానిలోనూ గుర్తుకు రాలేదు. అల్లాహ్ మార్గంలో, బానిస విముక్తికి, నిరుపేదకు, ఇంటివారికి ఖర్చు చేసిన దీనారులలో ఇంటివారి మీద పెట్టినదే అధిక పుణ్యప్రదమని తెలిపే హదీసును సహీహ్ ముస్లింలో మేమే బోధిస్తాము. భార్య నోటికి అందించే ముద్దకు కూడా పుణ్యం ఉందని ప్రవక్త (స) హజ్రత్ సఅద్ (రజి)కు చెప్పిన హదీసు బుఖారీలో ఉంది. బోధించడం వేరు, బల్ల ముందు గుర్తుకు రావడం వేరు.

మరొక పాఠం కూడా ఉంది. ఫిఖ్హ్ గ్రంథాలలోని నఫఖా అధ్యాయం మేము ఏటా చెబుతాము. భార్య వంట చేయడానికి ఒప్పుకోకపోతే, ఆమె పని చేసుకునే అలవాటు లేని ఇంటి నుండి వచ్చినదైనా, అనారోగ్యంతో ఉన్నదైనా, సిద్ధం చేసిన భోజనం తెచ్చి ఇవ్వడం భర్త బాధ్యత అని దుర్రె ముఖ్తార్‌లో ఉంది. మిగిలినవారి విషయంలో కూడా హనఫీ పండితులు వంటను నైతిక ధర్మమన్నారే తప్ప, ఖాజీ బలవంతం చేయగలిగిన బాధ్యత అనలేదు. ఇన్నేళ్ళు మేము ఆమె వంటను మా హక్కుగా తిన్నాము. నిజానికి అందులో అధిక భాగం ఆమె మాకు చేసిన ఉపకారం.

ఆ రాత్రి బసలో నిద్ర పట్టలేదు. మరొక హదీసు మనసులో మెదిలింది. హజ్రత్ మైమూనా (రజి) ఇంట ఒకసారి ఉడుము మాంసం వడ్డించారు. అది ఏ మాంసమో తెలిసిన ప్రవక్త (స) చేయి వెనక్కు తీసుకున్నారు. నిషిద్ధమా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగితే, కాదు, మా ప్రాంతంలో లేనిది కాబట్టి నాకు రుచించదు అని తెలియజేశారు. ఖాలిద్ (రజి) దానిని తన ముందుకు లాక్కుని వారు చూస్తుండగానే తిన్నారు. దైవప్రవక్త తమ అయిష్టాన్ని ఇతరులకు చట్టం చేయలేదు. కర్నూలులో ఒక మదరసా ఉపాధ్యాయుడు మాత్రం తన అయిష్టాన్ని ముప్పై ఒక్క ఏళ్ళు ఒక బందరు బిడ్డ మీద చట్టంగా అమలు చేశాడు.

ఇక ఆ యువ పాఠకునికి మా జవాబు. నాయనా, వెళ్ళండి. అయితే కొన్ని సంగతులు చూసుకోండి. అప్పు చేసి వద్దు, వాయిదాల మీద వద్దు. తల్లిదండ్రులకు, పొరుగువారికి ఇవ్వవలసినది ఆపి వద్దు. బల్ల ఖాయం చేసుకునేటప్పుడే మూడు ప్రశ్నలు అడగండి. మాంసం జబీహానా? పులుసులలో, చట్నీలలో ద్రాక్ష సారాయి పోస్తారా? తీపి పదార్థాలు గట్టిపడటానికి ఏమి వాడతారు? ఈ మూడవది చాలామంది మరచిపోతారు. జెలటిన్‌ను పశువుల ఎముకల నుండి, తోళ్ళ నుండి తీస్తారు, పంది తోలు నుండి కూడా తీస్తారు. సముద్రపు నాచు నుండి తీసే అగర్ అగర్ అయితే చింత లేదు. మంచి వంటగాళ్ళు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు, ముందుగా చెబితే వేరుగా చేసి పెడతారు. తినగలిగినంతే తీసుకోండి, పళ్ళెంలో వదలకండి. పళ్ళేల ఫోటోలు తీసి పదిమందికి పంపకండి. మీ భార్య ముఖం చూడడానికి వెళ్ళి ఫోను ముఖం చూస్తూ కూర్చోకండి.

వీటన్నిటికంటే ముందు చేయవలసినది ఒకటుంది. ఆమెను అడగండి. మీ ఉత్తరంలో మీ కోరిక ఉంది, మీ తండ్రిగారి అభిప్రాయం ఉంది, స్నేహితుని అభిప్రాయం ఉంది, చివరకు మా అభిప్రాయం కూడా కోరారు. ఆమె ఏమన్నదో ఒక్క మాట లేదు. ఆమె మనసు ఏడు వంటకాల మీద ఉండవచ్చు, బండి మీది మిర్చి బజ్జీ మీద ఉండవచ్చు, పుట్టింటి పులుసు మీద ఉండవచ్చు. ఆమె ఏది కోరితే అదే మీ ఇద్దరి ప్రత్యేకమైన సాయంత్రం. మూడేళ్ళకే అడిగితే మీకు ముప్పై ఏళ్ళు కలిసి వస్తాయి.

మా వయసు వారికి కూడా ఒక మనవి. పెద్ద హోటలుకు వెళ్ళే స్తోమత మనలో చాలామందికి లేదు, అవసరమూ లేదు. దస్తర్‌ఖాన్ పరిచినప్పుడు ఆమె కూర్చునే దాకా చేయి కడుక్కోకుండా ఉండగలం. మొదటి ముక్క ఆమెకు వేయగలం. దావత్‌కు పిలిచిన వారిని, పరదాగా కూర్చునే ఏర్పాటు ఉందా, మా ఇంటివారిని కూడా తీసుకురావచ్చునా అని అడగగలం. మేము ఇప్పుడు అడుగుతున్నాము. కొందరు ఆశ్చర్యపోతున్నారు. కొందరు సంతోషంగా ఔనంటున్నారు. ఇద్దరు కుదరదన్నారు, ఆ రెండింటికీ మేము వెళ్ళలేదు.

హైదరాబాదు నుండి వచ్చిన తరువాతి ఆదివారం చేపల బజారుకు వెళ్ళాము. బేరం చేయడం తెలియక ఎక్కువ ఇచ్చామని ఆమె తేల్చింది. చందువ దొరకలేదు, కొర్రమీను తెచ్చాము. పులుసు కాగుతున్నంత సేపు వాసనకు మాకు తల తిరిగినమాట నిజం. కిటికీ తెరుచుకుని కూర్చున్నాము. ఒకే దస్తర్‌ఖాన్ మీద ఆమె చేప పులుసుతో, మేము గుడ్డు కూరతో ఒకేసారి తిన్నాము. సగం భోజనంలో ఆమె, "చింతచిగురు ఇంకా లేతది తేవలసింది" అంది. వచ్చే వారం లేతది చూసి తెస్తామని మాట ఇచ్చాము.

మన ఇళ్ళలో మన కోసం వండి, మన తరువాత తినే వారి హక్కులను గుర్తించే మనసును, వారిని అడిగే నోటిని, వారు చెప్పినది వినే చెవిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.